సర్వర్ సంగతి తర్వాత, ముందు టీవీకి ఏది అరుగుతుందో చూడాలి

ఒక సినిమా గడగడా ఆడుతుంది. దాని పక్కనే ఉన్న మరో సినిమా నిమిషానికోసారి ఆగి, గుండ్రంగా తిరిగే చక్రాన్ని చూపిస్తుంది. మూడోదానికి బొమ్మ వస్తుంది, మాట వినపడదు. సర్వర్ అదే, వైఫై అదే, టీవీ అదే. ఇంట్లో మీడియా సర్వర్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి మొదటి వారంలోనే ఎదురయ్యే చిక్కు ఇది. అప్పుడు తప్పంతా సర్వర్ మీదికి నెట్టేస్తారు. ప్రాసెసర్ చాలలేదనో, ర్యామ్ తక్కువైందనో, ఇంకాస్త పెద్దది కొనాలనో అనుకుంటారు. చాలాసార్లు అసలు దోషి గోడకు వేలాడుతున్న టీవీయే.

మీడియా సర్వర్ అన్న మాట వినడానికి పెద్దగా ఉంటుంది గానీ అది చేసేవి మూడు పనులే. సినిమా ఫైళ్లను ఒకచోట దాచడం, వాటికి పోస్టరూ తారాగణమూ కథాసారాంశమూ చేర్చి జాబితాగా చూపడం, అడిగిన ఫైలును ఇంటి నెట్‌వర్క్ మీదుగా టీవీకి పంపడం. పెన్‌డ్రైవ్ గుచ్చి కూడా సినిమా చూడొచ్చు. హాల్లో సగం చూసి ఆపేసిన సినిమాను పడకగది టీవీలో సరిగ్గా అక్కడి నుంచే అందుకోవడం మాత్రం పెన్‌డ్రైవ్ వల్ల అయ్యే పని కాదు. ఈ మూడింట్లో మొదటి రెండూ ఏ పాత కంప్యూటరైనా కునుకు తీస్తూ చేసేస్తుంది. బరువంతా మూడోదాంట్లోనే ఉంది. అదైనా అన్నివేళలా ఉండదు.

ఫైలు టీవీకి చేరే దారులు మూడు. మొదటిది డైరెక్ట్ ప్లే, అంటే ఉన్నది ఉన్నట్టు పంపడం. సర్వర్‌కి ఇది ఒక ఫైలును కాపీ చేసి ఇవ్వడంతో సమానం. రెండోది రీమక్స్. లోపలి సరుకు ముట్టుకోకుండా పైన డబ్బా మాత్రం మార్చి పంపడం. దీని బరువూ నామమాత్రమే. మూడోది ట్రాన్స్‌కోడింగ్. ప్రతి ఫ్రేమునూ విప్పి, టీవీకి అర్థమయ్యే మరో రూపంలోకి అప్పటికప్పుడు కుదించి పంపడం. 4కే ఫ్రేము ఒక్కదాంట్లో దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన చూస్తే ప్రతి సెకనూ 20 కోట్ల పిక్సెళ్ల పని. ప్రాసెసర్ ఫ్యాను రొద పెట్టేది ఇక్కడే.

ఈ మూడింట్లో ఏ దారిన వెళ్లాలన్నది సర్వర్ తనంతట తాను తేల్చుకోదు. టీవీలోని యాప్ ముందుగా తన శక్తి ఇంత అని చెబుతుంది. ఆ జాబితాలో ఫైలు ఇమిడితే డైరెక్ట్ ప్లే, ఇమడకపోతే మిగతా రెండింట్లో ఒకటి. కాబట్టి టీవీకి తెలిసిన రూపాలు ఎన్ని ఎక్కువైతే సర్వర్‌కి పని అంత తక్కువ. సర్వర్ ఎంత పెద్దది కావాలన్న ప్రశ్నకు జవాబు టీవీ స్పెసిఫికేషన్ల పేజీలో దొరుకుతుంది. కొనేవాళ్లలో ఆ పేజీ తెరిచేది మాత్రం చాలా కొద్దిమంది.

డబ్బా వేరు, సరుకు వేరు

ఎంకేవీ, ఎంపీ4 అనేవి డబ్బాల పేర్లు. ఆ డబ్బాలో ఒక వీడియో, ఒకటో రెండో ఆడియోలు, కొన్ని సబ్‌టైటిళ్లు ఉంటాయి. "మా టీవీ ఎంకేవీ ఆడుతుంది" అంటే సగం మాటే చెప్పినట్టు. లోపల వీడియో ఏ కోడెక్‌లో, అంటే ఏ కుదింపు పద్ధతిలో, ఉందన్నది మిగతా సగం. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పుడు ఆడని టీవీ దాదాపు లేదు. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ అదే నాణ్యతను సుమారు సగం సైజులో ఇస్తుంది. 4కే టీవీలు దాన్ని ఆడతాయి, పాత ఫుల్ హెచ్‌డీ టీవీలు చాలామటుకు ఆడవు. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా పొదుపైనది గానీ కొత్త టీవీలకే చేతనవుతుంది. సైజు తగ్గుతుందని సినిమాలన్నీ ఏవీ1లోకి మార్చేసి, ఐదారేళ్ల నాటి టీవీకి పంపితే, సర్వర్ వాటిని మళ్లీ హెచ్.264లోకి మారుస్తూ రాత్రంతా చెమటోడుస్తుంది. డిస్కులో మిగుల్చుకున్న చోటంతా కరెంటు రూపంలో తిరిగి కట్టినట్టే.

వీడియో సంగతి కొంతవరకు అందరికీ తెలుసు. ఆడియో దగ్గరే ఊహించని దెబ్బలు తగులుతాయి. బ్లూరే డిస్కుల నుంచి వచ్చిన ఫైళ్లలో డీటీఎస్ అనే రకం ఆడియో చాలా మామూలు. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి టీవీల్లో డీటీఎస్ తీసేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి, 2023లో మళ్లీ కొన్ని మోడళ్లలో చేర్చింది. అంటే అంతకుముందు కొన్న పాత టీవీలో చక్కగా వినపడిన సినిమా, దానికంటే ఖరీదైన కొత్త టీవీలో మూగబోవచ్చు. యాప్ సరిగ్గా ఉంటే సర్వర్ ఆడియోను మాత్రం మార్చి పంపుతుంది. ఆడియో మార్చడం చిన్న ప్రాసెసర్‌కి కూడా లెక్కలోది కాదు. పెన్‌డ్రైవ్‌లోనో, టీవీల్లో ముందే ఉండే డీఎల్‌ఎన్‌ఏ అనే ఫైళ్ల పంపక పద్ధతి ద్వారానో చూసేటప్పుడు ఆ సాయం ఉండకపోవచ్చు. ఇలాంటి ఫైళ్లు ఎక్కువగా ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి ఉచిత సాధనంతో ప్రతిదానికీ టీవీలకు బాగా తెలిసిన ఏసీ3 అనే రకం ఆడియోను అదనంగా ఒకసారి చేర్చి పెట్టుకోవడం మేలు. వీడియోను ముట్టుకోరు గనుక ఒక్కో సినిమాకు కొద్ది నిమిషాలే పడుతుంది, నాణ్యత చెక్కుచెదరదు. చూసిన ప్రతిసారీ మార్చడం కంటే ఒక్కసారి మార్చి పెట్టుకోవడమే తెలివైన పని అన్నది ఆడియోకే కాదు, చిక్కుపెట్టే వీడియోకీ వర్తిస్తుంది.

అన్నిటికన్నా అన్యాయమైన దెబ్బ సబ్‌టైటిళ్లది. ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ అంటే మామూలు అక్షరాల ఫైలు. టీవీ యాపే దాన్ని తెర మీద రాసుకుంటుంది. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిళ్లు మాత్రం అక్షరాలు కావు, ప్రతి వాక్యం ఒక బొమ్మ. వాటిని చూపడం చేతకాని యాప్ ఎదురైతే సర్వర్ ఆ బొమ్మలను ప్రతి ఫ్రేములోకీ అద్దాలి. అద్దాలంటే వీడియో మొత్తాన్ని విప్పి మళ్లీ కుట్టాలి. అంటే సబ్‌టైటిల్ బటన్ నొక్కకముందు హాయిగా డైరెక్ట్ ప్లేలో నడుస్తున్న 4కే సినిమా, నొక్కిన మరుక్షణం పూర్తి ట్రాన్స్‌కోడింగ్‌లోకి జారిపోతుంది. సినిమా ఉన్నట్టుండి తడబడటానికి ఇంత చిన్న కారణం ఉంటుందని ఎవరూ అనుకోరు. పీజీఎస్ బదులు ఎస్‌ఆర్‌టీ ఫైలు పక్కన పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. ఆ ఎస్‌ఆర్‌టీని యూటీఎఫ్-8 అనే, అన్ని లిపులూ పట్టే అక్షర పద్ధతిలో సేవ్ చేయాలి. లేకపోతే ఇంగ్లీషు తప్ప మిగతా లిపులన్నీ ప్రశ్నార్థకాలుగానో పిచ్చి గీతలుగానో కనిపిస్తాయి.

వెలుగునీడల తేడా మరింత ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ సినిమాలది మరో తంతు. హెచ్‌డీఆర్ లేని తెరకు వాటిని మార్చి పంపాలంటే టోన్ మ్యాపింగ్ అనే అదనపు లెక్క చేయాలి. అది చేయకుండా పంపితే రంగులు ఉతికి ఆరేసిన చీరలా వెలిసిపోయి కనిపిస్తాయి. హెచ్‌డీఆర్‌లోనే ఒక పద్ధతైన డాల్బీ విజన్‌లో ప్రొఫైల్ 5 అనే రకం ఉంది. అది తెలియని ప్లేయర్‌లో ముఖాలు ఆకుపచ్చగా, ఊదాగా తయారవుతాయి. టీవీ పాడైందని మెకానిక్‌ను పిలవక్కర్లేదు.

తీగలోనూ ఒక మెలిక

ఫైలు టీవీకి నప్పితే ఇక చూడాల్సింది దారి. ఇక్కడ లెక్క చాలా సులువు. రెండు గంటల సినిమా 60 జీబీ, అంటే 60,000 మెగాబైట్లు ఉందనుకుంటే, బైటుకు 8 బిట్లు గనుక దాన్ని 8తో గుణించి 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు సగటున 67 మెగాబిట్లు. అదీ సగటే. పొగ, వర్షం, జనసమ్మర్దం ఉన్న దృశ్యాల్లో అది 100 దాటుతుంది. ఇప్పుడు టీవీ వెనకాల ఉన్న ఈథర్‌నెట్ రంధ్రం సంగతి చూడాలి. ఖరీదైన టీవీల్లో కూడా చాలావాటికి అది 100 ఎంబీపీఎస్‌దే, అంటే సెకనుకు 100 మెగాబిట్లే. తయారీదారులను పూర్తిగా తప్పు పట్టడానికి లేదు. నెట్‌ఫ్లిక్స్ తన 4కే కోసం అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే, ఆన్‌లైన్ సేవలకు ఆ రంధ్రం కావలసినదానికన్నా ఎక్కువ. సొంత డిస్కు నుంచి తీసిన పూర్తి నాణ్యత ఫైలుకే అది ఇరుకు.

దాంతో ఒక తలకిందుల పరిస్థితి ఏర్పడుతుంది. "తీగ ఉంటే వైఫై ఎందుకు" అన్న సలహా కంప్యూటర్ల విషయంలో నిజమే గానీ, ఇలాంటి టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫైయే ఎక్కువ వేగం ఇవ్వొచ్చు. రూటర్ అదే గదిలో ఉంటే మరీనూ. కొన్ని టీవీలు యూఎస్‌బీకి తగిలించే గిగాబిట్ ఈథర్‌నెట్ అడాప్టర్‌ను గుర్తిస్తాయి, కొన్ని అసలు పట్టించుకోవు. తీగ తప్పకుండా ఉండాల్సింది సర్వర్ వైపు. సర్వరూ టీవీ రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి బిట్టూ ఒకసారి సర్వర్ నుంచి రూటర్‌కీ, మరోసారి రూటర్ నుంచి టీవీకీ గాల్లో ప్రయాణిస్తుంది. రెండూ ఒకే ఛానల్ మీద ఉంటే వేగం సగానికి పడిపోయినట్టే. సర్వర్‌ను రూటర్ పక్కనే పెట్టి ఒక అడుగు కేబుల్‌తో కలిపేస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

టీవీకి సర్వర్ అసలు కనిపించకపోవడమనేది వేరే రోగం. డీఎల్‌ఎన్‌ఏ పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా ఒక కేక వేస్తాయి. టీవీ గెస్ట్ వైఫైలో ఉండి, సర్వర్ అసలు నెట్‌వర్క్‌లో ఉంటే రూటర్ ఆ కేకను దాటనివ్వదు. అలా వేరుచేయడానికే గెస్ట్ నెట్‌వర్క్ ఉన్నది మరి. అలాగే రూటర్ సెట్టింగుల్లో సర్వర్‌కి ఒక స్థిరమైన ఐపీ చిరునామా కేటాయించకపోతే, కరెంటు పోయి వచ్చిన రోజు టీవీ పాత చిరునామాలో తలుపు తట్టుతూ కూర్చుంటుంది.

ఏ పెట్టె, ఏ సాఫ్ట్‌వేర్

టీవీ దాదాపు అన్నీ డైరెక్ట్ ప్లే చేస్తుందని తేలితే సర్వర్ కోసం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. మూల పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్ అవుతుంది. ఏళ్ల తరబడి ఛార్జర్‌కి తగిలించే ఉంచితే ఆ బ్యాటరీయే ఉబ్బుతుంది, అప్పుడప్పుడు చూసుకోవాలి. రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ కూడా ఫైళ్లు పంపడానికి సరిపోతుంది. ట్రాన్స్‌కోడింగ్ ఆశలు మాత్రం దాని మీద పెట్టుకోకూడదు, 2023లో వచ్చిన పై 5లో వీడియో కుదించే హార్డ్‌వేర్ అసలు లేదు.

ట్రాన్స్‌కోడింగ్ తప్పదంటే చూడాల్సింది ప్రాసెసర్ బలాన్ని కాదు, దాంట్లోని గ్రాఫిక్స్ భాగాన్ని. ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ పేరుతో వీడియో కోసమే ప్రత్యేక సర్క్యూట్ పెడుతోంది. 4కే హెచ్‌డీఆర్ సినిమాను కేవలం ప్రాసెసర్ బలంతో మార్చాలంటే, ప్రాసెసర్ వేగాన్ని కొలిచే పాస్‌మార్క్ స్కోరు 17,000 దాకా ఉండాలని ప్లెక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతూ వచ్చింది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100కి ఆ స్కోరు సుమారు 5,500. ఆ లెక్కన అది పనికిరాని చిప్. కానీ క్విక్ సింక్‌ను ఆన్ చేస్తే అదే 6 వాట్ల చిప్ ఒకేసారి ఒకటికి మించి 4కే ప్రవాహాలను మార్చగలదు. పాత కంప్యూటరైతే 7వ తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతిది చూసుకోవాలి, హెచ్‌డీఆర్ సినిమాలు వాడే 10 బిట్ హెచ్‌ఈవీసీ అక్కడి నుంచే సాఫీగా నడుస్తుంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగమే ఉండదు. గేమింగ్ కోసం కొన్న గట్టి కంప్యూటర్ ఈ పనికి చిన్న మినీ పీసీ ముందు తేలిపోవడం వెనక ఒక్కోసారి ఈ ఎఫ్ ఉంటుంది.

కరెంటు కూడా లెక్క వేసుకోవాలి. రోజంతా ఆన్‌లో ఉండే పెట్టె 10 వాట్లు తాగితే ఏడాదికి సుమారు 88 యూనిట్లు. గ్రాఫిక్స్ కార్డున్న పాత డెస్క్‌టాప్ 100 వాట్లు తాగితే 876 యూనిట్లు. ఊరికే వచ్చిందని వాడే పాత డెస్క్‌టాప్ ఊరికే నడవదు.

నాస్ పెట్టెలు, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే హార్డ్ డిస్కుల పెట్టెలు, నిల్వకు మంచివి. డిస్కులు మార్చడం తేలిక, ఒక డిస్కు పోయినా సమాచారం నిలబడేలా అమర్చుకోవచ్చు. వాటిని సినిమా సర్వర్‌గా కూడా వాడుకోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక ఉంది. నాస్ పెట్టెలు చేసే సైనాలజీ 2024లో తన డీఎస్‌ఎం సాఫ్ట్‌వేర్ 7.2.2 అప్‌డేట్‌తో సినిమాలు చూపే వీడియో స్టేషన్ యాప్‌ను ఆపేసింది, పెట్టె వైపు హెచ్‌ఈవీసీ సదుపాయాన్నీ తీసేసింది. కొన్నప్పుడు ఉన్న పని అప్‌డేట్‌తో పోయింది. నిల్వ నాస్‌కీ, పంపకం మినీ పీసీకీ వేరుచేస్తే ఇలాంటప్పుడు నష్టం తక్కువ. డిస్కు వేగం గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 150 మెగాబైట్లు చదువుతుంది, అంటే 1,200 మెగాబిట్లు. సినిమాల కోసం ఎస్‌ఎస్‌డీ కొనడం డబ్బు దండగ. పోస్టర్ల డేటాబేస్‌ను ఎస్‌ఎస్‌డీ మీద పెడితే మెనూలు చురుగ్గా కదులుతాయి, అంతవరకు చాలు.

సాఫ్ట్‌వేర్‌లో చర్చంతా ప్లెక్స్, జెల్లీఫిన్ మధ్యే. రెండింటికీ వంశవృక్షం ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ మీద సినిమాలు ఆడించడానికి 2002లో మొదలైన ప్రాజెక్టు తర్వాత ఎక్స్‌బీఎంసీ అయి, 2014లో కోడీ అని పేరు మార్చుకుంది. దాన్ని మ్యాక్ కంప్యూటర్ల కోసం తిరగరాసే ప్రయత్నం నుంచి ప్లెక్స్ పుట్టింది. ఎంబీ అనే మరో సర్వర్ 2018లో తన సోర్స్ కోడ్‌కు తలుపులు మూసేసినప్పుడు, అప్పటివరకు తెరిచి ఉన్న కోడ్‌ను తీసుకుని కొందరు జెల్లీఫిన్ మొదలుపెట్టారు. ప్లెక్స్ యాప్ దాదాపు ప్రతి టీవీలో దొరుకుతుంది, నున్నగా పనిచేస్తుంది. హార్డ్‌వేర్ ట్రాన్స్‌కోడింగ్‌కి డబ్బు కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఇంటి బయట సొంత వీడియోలు చూడటానికీ కట్టాలి. జెల్లీఫిన్‌లో అన్నీ ఉచితమే, ఏ కంపెనీ ఖాతాతోనూ లాగిన్ కావక్కర్లేదు. బదులుగా అమరిక కొంత చేతి పని, కొన్ని టీవీల్లో యాప్ అంత నున్నగా ఉండదు. సొంత ఇంట్లో సొంత డిస్కు మీది సినిమా చూడటానికి మరొకరి సర్వర్ అనుమతి అడగడం నచ్చనివాళ్లకు జెల్లీఫినే సరి. ఇంట్లో రిమోట్ పట్టుకునే అందరూ సాంకేతికంగా ఓపికున్నవాళ్లు కానప్పుడు ప్లెక్స్‌కి డబ్బు కట్టడంలోనూ తప్పేమీ లేదు. కోడీది వేరే పద్ధతి. అది సర్వర్ మీద ఆధారపడకుండా నెట్‌వర్క్‌లోని ఫోల్డర్‌ను తెరిచి, విప్పే పనంతా టీవీ వైపు పెట్టెలోనే చేసుకుంటుంది. టీవీ పక్కన మంచి ఆండ్రాయిడ్ పెట్టె ఉంటే సర్వర్ కేవలం హార్డ్ డిస్కుగా మిగిలిపోతుంది. సోనీ, ఇంటెల్ తదితరులు 2003లో మొదలుపెట్టిన డీఎల్‌ఎన్‌ఏ సంస్థ 2017లో మూతపడినా, ఆ పద్ధతి ఇంకా టీవీల్లో మిగిలే ఉంది. అత్యవసరానికి పనికొస్తుంది, రోజూ వాడేంత సుఖం అందులో లేదు.

పేర్ల గొడవ చిన్నదే గానీ చిరాకు పెట్టేది. సర్వర్ ఫైలు పేరు చదివి, ఆన్‌లైన్ డేటాబేస్‌లో వెతికి పోస్టరు తెస్తుంది. ఒకే పేరుతో వేర్వేరు దశాబ్దాల్లో రెండు మూడు సినిమాలు వచ్చి ఉంటాయి గనుక, పేరు పక్కన బ్రాకెట్లో విడుదలైన ఏడాది రాయకపోతే నలుపు తెలుపు సినిమాకి నిన్నటి హీరో పోస్టరు తగులుతుంది. ఒక్కో సినిమాకు ఒక్కో ఫోల్డర్, ఫోల్డర్‌కీ ఫైలుకీ అదే పేరు. వంద సినిమాలయ్యాక మార్చుకోవడం కంటే మొదటి పది సినిమాలప్పుడే ఈ అలవాటు చేసుకోవడం తేలిక.

ఊరు వెళ్లినా ఇంటి సర్వర్ చూడాలనుకునేవాళ్లు రూటర్‌లో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి ఒక తలుపు, తెరిచి వదిలేయడం ప్రమాదం. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే తాళం వేసిన సొరంగం లాంటి దారి, ద్వారా లోపలికి రావడం క్షేమం. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే చిరునామాను ఎందరికో పంచుతాయి కాబట్టి, పోర్టు తెరిచినా పనిచేయని సందర్భాలే ఎక్కువ. అప్‌డేట్‌లు వాయిదా వేయడం కూడా చిన్న సంగతి కాదు. పాస్‌వర్డ్‌లు భద్రపరిచే లాస్ట్‌పాస్ సంస్థలో 2022లో జరిగిన చోరీకి, ఒక ఇంజినీరు ఇంటి కంప్యూటర్‌లోని పాత ప్లెక్స్ దారి ఇచ్చింది. ఆ లోపానికి మందు 2020లోనే వచ్చింది, ఆ కంప్యూటర్‌లో ఎక్కించలేదంతే.

ఇక తడబాటు వచ్చినప్పుడు ఊహలతో పని లేదు. సినిమా ఆడుతుండగా కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో సర్వర్ డాష్‌బోర్డు తెరిస్తే, డైరెక్ట్ ప్లేలో ఉందా ట్రాన్స్‌కోడింగ్‌లో ఉందా అన్నది అక్కడే రాసి ఉంటుంది. జెల్లీఫిన్ అయితే కారణం కూడా చెబుతుంది: ఆడియో కోడెక్ నప్పలేదనో, సబ్‌టైటిల్ నప్పలేదనో, బిట్‌రేట్ (సెకనుకు పంపే బిట్ల లెక్క) పరిమితి దాటిందనో. చివరిది కనిపిస్తే టీవీ యాప్ సెట్టింగుల్లోకి వెళ్లాలి. నాణ్యత అనే చోట ఎవరో ఎప్పుడో పెట్టిన తక్కువ అంకె ఉంటుంది. దాన్ని గరిష్ఠానికి మారిస్తే మరుసటి సినిమాకి ఫ్యాను చప్పుడు ఆగిపోతుంది.